పురుటాసుపత్రి ట్రాన్స్‌ఫార్మర్

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట గవరమ్మ కథ చెప్పేవాళ్లుండరు, అందుకని నేనే చెబుతున్నాను.

పూర్వం ఒక జమీందారు పురుటాసుపత్రికి ఇన్వర్టర్ చేయించి, చవగ్గా వచ్చిందని అందులో గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాడు. ఒక్క దీపం వెలిగించేసరికే దాన్ని ముట్టుకున్న మంత్రసాని గవరమ్మ చెయ్యి చుర్రుమంది. ఆ ఇన్వర్టర్ పెట్టె ఉండేది బాలింతల మంచాల పక్కనే. ఆమె అక్కడే ఉన్న జమీందారుతో అంది:

"పెద్దది పెట్టించండి దొరా. అన్ని దీపాలూ వేస్తే అంటుకుంటుంది."

"నేను ఎంచినదానికే వంకలు పెడతావా? దానికేం కాదు."

"అయితే రేపు ప్రారంభానికి తమరి పీట ఆ పెట్టె మీదే వేయిస్తాను. తమరు కూర్చున్నాకే అన్ని దీపాలూ వేద్దాం."

జమీందారు ఆ పెట్టెకు నాలుగడుగులు దూరం జరిగాడు.

"పెద్దదే తెప్పించండి," అన్నాడు చివరికి.

ఈ కథ మీ తోటిపిల్లలకీ చెప్పండి.