తెగడ పువ్వుకి గడువు

ప్రశ్న అడిగినవాళ్లకి భూషణం మాస్టారు జవాబు చెప్పరు, పని చెబుతారు. రిటైరై తొమ్మిదేళ్లయినా రోజూ పదింటికల్లా యూనివర్సిటీకి వచ్చి, వృక్షశాస్త్ర విభాగంలో ఎండబెట్టిన మొక్కల్ని దాచే గదిలో కూచుంటారు. జీతం లేదు, సంతకం లేదు, ఎందుకొచ్చావని అడిగేవాడూ లేడు. ఆయన దగ్గరే చదువుకుని, నిరుడు అక్కడే లెక్చరరైన ఇందుమతికి ఈ అలవాటు తెలియనిది కాదు. తెలిసీ ఆ మధ్యాహ్నం వెళ్లి అడిగిందంటే, పాపం, లోపల ఎంత నలిగిపోయి ఉండాలి!

అడిగింది ఇదీ: "మాస్టారూ, గడువు దాటాక తెచ్చిన పని తీసుకోవాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటలో తేలే సంగతైతే మన పెద్దలే తేల్చి ఉండేవారు. వాళ్లేం తక్కువవాళ్లా? ఆలస్యం అమృతం విషం అన్న నోటితోనే నిదానమే ప్రధానం అనీ అన్నారు. ఏది ఎక్కడ పనికొస్తుందో మాత్రం చెప్పకుండా నెమ్మదిగా తప్పుకున్నారు. ఇందుమతి రెండూ చేసి చూసింది. మొదటి ఏడాది గడువు మాటే ఎత్తలేదు. సెప్టెంబరులో రావలసిన పని సంక్రాంతి సెలవుల దాకా వస్తూనే ఉంది, ఒక కుర్రాడికైతే అమ్మమ్మ మూడుసార్లు పోయింది. అందుకని ఈ ఏడు తలుపు మీద కాగితం అంటించింది. సెప్టెంబరు ముప్పై సాయంత్రం ఆఖరు. దాటితే సున్నా. డాక్టరు చీటీ తెస్తే ఒక వారం ఎక్కువ.

పని ఏమిటంటే, తన వంతుకు వచ్చిన మొక్కని వెతికి పట్టుకోవాలి. కాడ, ఆకు, పువ్వు మూడూ ఉన్న కొమ్మ కోసి పాత న్యూస్‌పేపర్ల మధ్య అణిచిపెట్టాలి. రోజూ పేపర్లు మారుస్తూ తడి పోయేదాకా ఆరనిచ్చి, అట్ట మీద కుట్టి, కింద చీటీలో ఊరూ తేదీ రాయాలి. ఇరవై మార్కులు. సున్నా వస్తే ఆ పేపరు పోయినట్టే, దాంతో ఏడాదీ పోయినట్టే.

నూకరత్నం అనే పిల్లకి తెగడ తీగ వచ్చింది. తీగ దొరికింది, మొగ్గలున్నాయి, పువ్వు లేదు. గడువుకి మూడు రోజుల ముందే వచ్చి, ఇంకో రెండు వారాలు ఇమ్మని అడిగింది. డాక్టరు చీటీ ఉందా అంది ఇందుమతి. తన ఒంట్లో బాగానే ఉందనీ, పూయంది తీగేననీ చెప్పింది పిల్ల. దానికి నియమంలో చోటు లేదు. ఆ వారంలోనే ఇద్దరు కుర్రాళ్లు ఒకే డాక్టరు దగ్గర్నుంచి ఒకే రోగం రాయించుకొచ్చి చెరో వారం పట్టుకుపోయారు. నూకరత్నం అడిగిన రెండు వారాలకి సరిగ్గా, అక్టోబరు పద్నాలుగున, అట్ట తెచ్చింది. తీసుకోనంది ఇందుమతి. పిల్ల వాదించలేదు, ఏడవనూ లేదు. అట్ట బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఏడ్చినా బాగుండేదేమో. ఆనాటి నుంచి ఇందుమతికి తిన్నది ఒంటబట్టడం లేదు. రేపు సాయంత్రానికి మార్కుల జాబితా పరీక్షల విభాగానికి చేరాలి.

మాస్టారు అంతా విని, ఈ ఏడు పిల్లలు తెచ్చినవాటిలో బీరువాలో దాచదగ్గవి ఏరి పట్రమ్మన్నారు. ఆ బీరువాలో అరవై ఏళ్లనాటి మొక్కలున్నాయి. ఎప్పుడో ఎవరో వచ్చి వాటిని నమ్మి నాలుగు ముక్కలు రాసుకుంటారు, కాబట్టి ఏదిపడితే అది అందులో పెట్టరు.

ఇందుమతి కట్ట తెచ్చి ముందేసుకుంది. సగం ఆరకుండా కుట్టేసినవి బూజు పట్టాయి. తొమ్మిది అట్టల్లో పువ్వే లేదు. అన్నీ గడువులోపు వచ్చినవే, అన్నిటికీ తను మార్కులు వేసినవే. ఏరగా ఏరగా గిరిధర్ అనే కుర్రాడి అట్ట నిలిచింది. వాడిదీ తెగడ తీగే. కాడా ఆకూ పువ్వూ చక్కగా కుదిరాయి, పైగా గడువుకి రెండు రోజుల ముందే తెచ్చాడు. పందొమ్మిది వేసింది. చూడండి మాస్టారూ, తెచ్చేవాళ్లు తెస్తున్నారుగా అన్నట్టు దాన్ని ఆయన ముందుకి జరిపింది.

ఆయన తన పద్ధతి ప్రకారం పువ్వు మీద నాలుగు చుక్కలు వేడినీళ్లు వేసి మెత్తబడేదాకా ఆగారు. పువ్వు మెత్తబడింది. కాడ నుంచి ఊడి, అంటించిన జిగురు సాగుతూ పక్కకి జారింది. దాన్ని సూదితో విప్పి, భూతద్దం ఇందుమతి వైపు తిప్పారు. విచ్చిన తెగడ పువ్వులో కేసరాల కొసలు తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటాయి. వీటిలో మెలి లేదు. కంచెల మీద పాకే మరో తీగ పువ్వది, చూపుకి తోబుట్టువులా ఉంటుంది. ఆ పాఠం క్లాసులో చెప్పింది ఇందుమతే.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఎవరూ చెప్పకుండానే తీసుకోనన్నా కట్ట అడుగున పడున్న నూకరత్నం అట్ట లాగి, తనే నీళ్లు వేసి, తనే విప్పి చూసింది. మెలి ఉంది. చీటీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: మొగ్గలు పదమూడు రోజులు చూశాను, అక్టోబరు తొమ్మిదిన విచ్చాయి.

"ఈ చేత్తోనే వాడికి పందొమ్మిది వేశాను మాస్టారూ. ఈ పిల్లకి సున్నా వేశాను," అంది.

"నీ నియమానికి జ్వరం తెలుసమ్మా. పూత తెలీదు," అన్నారాయన.

అయితే వచ్చే ఏడు గడువు తీసేయనా అని అడిగింది. తీసేసి ఒక ఏడాది చూశావుగా అని ఆయన నవ్వారు. ఇందుమతి జాబితా తీసి నూకరత్నం పేరు ఎదుట సున్నా కొట్టేసి పద్దెనిమిది వేసింది. గిరిధర్ పేరు దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు మండి, పందొమ్మిది కొట్టేసి సున్నా చుట్టింది. ఆ విసురుకి కాగితం చిరిగినంత పనయింది.

మాస్టారు జాబితా వైపు ఒకసారి చూసి, రేపు పొద్దున్నే ఇద్దర్నీ తన దగ్గరికి పంపమన్నారు. నూకరత్నాన్ని ఎందుకో ఆమెకి అర్థమైంది. బీరువాలో చేరే మొక్కని తెచ్చినవాళ్లే తమ చేత్తో పెట్టడం ఆ గదిలో ఆనవాయితీ.

"గిరిధర్ ఎందుకండీ? చేసింది దొంగపని కదా?"

మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"వాడి తీగ కూడా ఈపాటికి పూసే ఉంటుందమ్మా," అన్నారు.