ఆరో అంతస్తులో పొగ

త్రినాథ్‌కి లెక్క కుదరడం లేదు.

మూడు వారాలుగా ఒకే ఎస్టిమేటు మీద కూర్చున్నాడు. విశాఖలో పోర్టుకి వెళ్ళే దారిలో ఎనిమిది అంతస్తుల ఆఫీసు బిల్డింగు ఒకటి పదేళ్ళకు పైగా మూతపడి ఉంది. దాన్ని కొత్తగా కొన్నవాళ్ళు లోపలంతా బాగుచేయించి ఏదో కంపెనీకి అద్దెకిస్తున్నారు. ప్రతి అంతస్తుకీ నెట్‌వర్క్ కేబుళ్ళు లాగాలి. ప్లానూ ఖర్చూ రాసిమ్మని నలుగురు కాంట్రాక్టర్లని అడిగారు. వాళ్ళలో ఒకాయన ఖాదర్ మొహిద్దీన్.

ఊళ్ళో కేబుల్ పని తెలిసినవాళ్ళంతా ఆయన్ని ఉస్తాద్ అంటారు. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. మాట తక్కువ. త్రినాథ్ ఆయన దగ్గర తొమ్మిదేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. ఈసారి ఉస్తాద్ కాగితాలన్నీ అతని ముందు పెట్టి, "ఇది నువ్వే వెయ్యి. వస్తే పని నీ పేరు మీదే నడుస్తుంది" అన్నాడు.

త్రినాథ్ ప్రాణం పెట్టి వేశాడు. ఏ బల్లకి ఎన్ని పాయింట్లు, ఏ గోడ వెంట ఏ కేబుల్ ట్రే, ఏ అంతస్తులో ఎన్ని మీటర్ల కేబులు, అన్నీ రాశాడు. అయినా మొత్తం ఎక్కువే తేలింది. బిల్డింగు మేనేజరు ఫోన్‌ చేసి, "ఇంకో రెండు లక్షలు దిగండి, మీకే రాసేస్తాను" అన్నాడు.

ఎక్కడ దిగాలి? కేబులు తగ్గించలేడు. పాయింట్లు తగ్గించలేడు. పేజీలు తిప్పి తిప్పి ఆఖరి పేజీ దగ్గర ఆగాడు.

ప్రతి అంతస్తులోనూ మూలన ఒక చిన్న గది ఉంటుంది. కేబుళ్ళన్నీ అక్కడికే చేరతాయి. గది మీద గది, ఎనిమిదీ ఒకే వరసలో. కింది గది నుంచి పై గదికి కేబులు వెళ్ళడానికి శ్లాబులో కన్నం ఉంటుంది. పని అయ్యాక ఆ కన్నాల్ని మంటని తట్టుకునే మసాలాతో మూసెయ్యాలి. దానికి రెండు లక్షల పైనే. మూసినా మూయకపోయినా కంప్యూటర్లు పనిచేస్తాయి. తాళం వేసి ఉండే గదిలో నేలమీద ఏముందో ఎవరూ చూడరు.

ఆ ఒక్క వరస తీసేశాడు. లెక్క దిగింది.

సోమవారం పొద్దున్న ఎస్టిమేటు తీసుకెళ్ళి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. "ఒక్క మీటరు కేబులు వృథా పోదు ఉస్తాద్. నాకంటే తక్కువకి ఇంకెవడూ వెయ్యలేడు" అన్నాడు.

ఉస్తాద్ వేలు పెట్టుకుని వరసవరసా చదివాడు. ఆఖరి పేజీలో వేలు ఒకచోట ఆగింది. అక్కడ ఏమీ లేదు.

"బిల్డింగంతా నడిచావా?"

"నాలుగో అంతస్తు దాకా నడిచాను. లిఫ్టు లేదు. పైన కూడా అన్నీ ఒకేలా ఉన్నాయి. డ్రాయింగు ఉందిగా."

"ఆరోదానికి వెళ్ళలేదు."

"లేదు ఉస్తాద్."

ఉస్తాద్ ఎస్టిమేటు తిరిగిచ్చేసి, లేచి అలమర తెరిచాడు. లోబాను పొట్లం, మట్టి ధూపం పాత్ర, బొగ్గులు తీసి సంచీలో వేసుకున్నాడు.

"ఇవాళ గురువారం కాదుగా, ధూపమెందుకు?" అన్నాడు త్రినాథ్.

ఉస్తాద్ చెప్పులు వేసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. కూలీలు అన్నాలకి వెళ్ళారు. గేటు దగ్గర చంద్రమ్మ ఒక్కతే ఉంది. బిల్డింగు ఊడ్చేదీ తాళాలు చూసేదీ ఆవిడే. ఉస్తాద్‌ని చూసి ఆవిడ లేచి నిలబడింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. కానీ ఆయన ఎవరో ఆవిడకి తెలుసని త్రినాథ్‌కి అనిపించింది.

తాళాల గుత్తి ఇస్తూ ఆవిడ త్రినాథ్‌తో మెల్లగా అంది: "ఆరో అంతస్తుకి నేనెల్లను బాబూ. ఊడుపు కూడా అయిదు కాడికే. అక్కడ ఎవలో దగ్గుతారు."

త్రినాథ్ నవ్వాడు. "రంగు పని కదమ్మా, దుమ్ము. కూలోళ్ళు దగ్గుంటారు."

"కూలోళ్ళు రాకముందు నుంచీనూ" అంది చంద్రమ్మ.

కింది అంతస్తులో మూల గది తెరిచారు. పాత కేబుళ్ళన్నీ ఎప్పుడో లాగేశారు. పైన శ్లాబులో గుండ్రంగా కన్నం ఒక్కటే ఉంది, అరచేత్తో మూసేయగలిగేంత. ఉస్తాద్ దాని కింద చతికిలబడి బొగ్గులు పేర్చుకున్నాడు.

"ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళు. ఆరో అంతస్తులో ఇదే గది. తలుపేసుకుని కూర్చో."

"ఎంతసేపు ఉస్తాద్?"

"నీకే తెలుస్తుంది."

త్రినాథ్ మెట్లెక్కాడు. కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు కట్టి ఉండడంతో వెలుతురు పల్చటి పాలలా ఉంది. నాలుగు దాటాక తన అడుగుల చప్పుడు తనకే కొత్తగా వినిపించింది. ఆరో అంతస్తు తలుపుకి తాళం వెయ్యలేదు, చేత్తో తోస్తే తెరుచుకుంది.

లోపల ఏమీ లేదు. పెద్ద హాలు, కొత్తగా వేసిన తెల్లరంగు. మూల గదికి కూడా రంగు వేశారు. కానీ తలుపు వెనక, నేలమీది కన్నం చుట్టూ, గోడ అడుగున రంగు నిలవలేదు. నల్లగా ఉబికి వచ్చింది. చెమ్మ అనుకుని వేలితో తుడిచాడు. వేలికి మసి అంటింది.

తలుపు వేసుకుని కూర్చున్నాడు. కిటికీ లేని గది. తలుపు కింది సందు నుంచి కాస్త వెలుతురు.

మొదట అగ్గిపుల్ల గీసిన చప్పుడు. చెవి పక్కనే ఎవరో గీసినట్టు. ఉలిక్కిపడ్డాడు. ఆరు అంతస్తుల కింద ఉన్న మనిషి ఊపిరి పీల్చడం కూడా ఆ కన్నంలోంచి వినపడుతోంది.

తర్వాత వాసన. ఆ తర్వాత కాసేపటికి కన్నంలోంచి పొగ లేచింది. సన్నగా, తొందర లేకుండా, మెట్లెక్కి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడి, మెల్లగా గదిలోకి వచ్చింది.

అప్పుడు ఉస్తాద్ గొంతు వినపడింది. కేక కాదు. పక్కన కూర్చున్నవాళ్ళని పిలిచినట్టు.

"బెహరా లోకనాథం."

కాస్త ఆగి, "ఎస్తేరు రాణి."

"పడాల సింహాద్రి."

"నజీమున్నీసా."

ఎవర్ని పిలుస్తున్నాడు? బిల్డింగులో ఎవరూ లేరే! త్రినాథ్ కన్నం మీదకి వంగి, "ఉస్తాద్!" అన్నాడు. జవాబు లేదు. పొగ చిక్కబడింది. మొహానికి కొట్టింది. కళ్ళు మండి నీళ్ళు కారాయి. లేచి తలుపు కోసం చెయ్యి చాపితే గోడ తగిలింది. ఇంకోవైపు చాపితే మళ్ళీ గోడే. నాలుగడుగుల గదిలో తలుపు ఎటుందో తెలియలేదు. ఊపిరి బిగబట్టి గోడంతా తడుముతున్నాడు.

అప్పుడు వెనక ఎవరో దగ్గారు.

తను కాదు. తను ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

ఎలా దొరికిందో గడియ చేతికి దొరికింది. తలుపు లాగి హాల్లో పడ్డాడు. వెనక్కి చూడకుండా ఆరు అంతస్తులూ దిగాడు.

కింద ఉస్తాద్ ధూపం పాత్ర ముందు అలాగే కూర్చుని ఉన్నాడు. తుండుగుడ్డ ముక్కుకి అడ్డం కట్టి ఉంది. గుమ్మంలో చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

త్రినాథ్ కారే కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరు వాళ్ళు?" అన్నాడు.

"ఆరో అంతస్తులో కూర్చుని పనిచేసేవాళ్ళు."

"ఏమయ్యారు?"

"మంట రెండో అంతస్తు దాటలేదు" అన్నాడు ఉస్తాద్. "ఒక బల్ల, రెండు కుర్చీలు కాలాయి. అంతే. నీళ్ళు పోసి ఆర్పేసి టీ తాగారు. పైన నలుగురున్నారని సాయంత్రం దాకా ఎవరికీ గుర్తు రాలేదు. పొగలో బయటికి పోయే తలుపనుకుని ఆ పై మూల గదిలోకే దూరారట."

త్రినాథ్ గోడకి ఆనుకున్నాడు.

"ఎంక్వయిరీలో ఏసీ గురించి అడిగారు, కరెంటు వైర్ల గురించి అడిగారు. కన్నాల గురించి ఎవరూ అడగలేదు."

"అప్పుడు ఈ బిల్డింగుకి కేబుళ్ళు వేసింది..." అని త్రినాథ్ ఆగిపోయాడు.

ఉస్తాద్ బొగ్గుల వైపు చూస్తున్నాడు. "ఆ వరస నేనూ రాశాను. ఎక్కువైందన్నారు. తీసేస్తే పని మనకే వచ్చింది."

బొగ్గు ఒకటి చిటపటలాడింది. చంద్రమ్మ గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

"ఉస్తాద్, పేర్లు పిలిచాక మీరు దగ్గారా?"

ఉస్తాద్ తలెత్తాడు. అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్న ఉత్తరం ఇంకొకరి ఇంటికి వచ్చిందని తెలిసిన మనిషిలా ఉన్నాడు.

"నేను దగ్గలేదు" అన్నాడు. "ఒకరేనా, ఇంకా ఎక్కువమందా?"

త్రినాథ్ వేలికంటిన మసి వైపు చూసుకున్నాడు.

జేబులోంచి ఎస్టిమేటు తీశాడు. "మళ్ళీ రాస్తాను ఉస్తాద్. కానీ అది కలిపితే మనకి రాదు. మిగతా ముగ్గురిలో ఒకడైనా తీసేసి ఉంటాడు. వాడికే ఇస్తారు."

"ఇస్తారు."

"మరి మనం రాసి లాభమేముంది?"

ఉస్తాద్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ధూపం పాత్ర అక్కడే వదిలేసి మెట్ల వైపు నడిచాడు. ఒక్కో అంతస్తు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాడు. త్రినాథ్ వెనకే ఎక్కాడు. మళ్ళీ అక్కడికి వెళ్ళాలని అతనికి లేదు. ముసలాయన్ని ఒంటరిగా పంపడానికీ మనసొప్పలేదు.

మూల గది తలుపు బార్లా తెరిచి ఉంది. కన్నంలోంచి పొగ ఇంకా వస్తూనే ఉంది. ఉస్తాద్ లోపలికి వెళ్ళాడు. పొగలో ఆయన నడుము పైభాగం కనిపించలేదు.

నేలమీద కూర్చుని కుడి అరచెయ్యి కన్నం మీద ఆనించాడు.

పొగ ఆగింది.

గదిలో ఉన్న పొగ కొంచెం కొంచెంగా హాల్లోకి పోయింది. ముందు ఆయన తల కనిపించింది, తర్వాత తెల్లటి గడ్డం, తర్వాత నేలకి ఆనించిన ఆ చెయ్యి. ఎంతసేపైనా ఆయన దాన్ని తియ్యలేదు. మోచెయ్యి వణకడం మొదలైంది. త్రినాథ్ గబుక్కున వంగి, ఆయన చేతిని పట్టుకుని లేపబోయాడు.

ఉస్తాద్ చెయ్యి కదపలేదు. తలెత్తి త్రినాథ్ వైపు చూశాడు.

"ఇలా నేనెంతసేపు కూర్చోగలను బేటా?"