ఒకవైపు పులి, ఒకవైపు పని

పద్మగిరి రాజు మృగాంకవర్మకు ఒక పెట్టె తెగ నచ్చేసింది. అరచేతిలో పట్టేంత చెక్కపెట్టె. పైన పులి-మేక ఆట గీసి ఉంటుంది. అడుగున ఆ రోజు పనులు రాసుకోవచ్చు. దాన్ని కనిపెట్టిన మంత్రి విరూపాక్షయ్యకు కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

"ఆట కావాల్సినవాడు ఆటకు కొంటాడు, పని ఉన్నవాడు పనికి కొంటాడు ప్రభూ! లక్కబొమ్మల వడ్రంగులందరినీ ఇకనుంచి ఇవే చేయమనండి. పదివేలు చేసినా చాలవు."

వడ్రంగుల గుండెల్లో రాయి పడింది. దసరా కొలువులకు బొమ్మలమ్ముకుంటేనే వాళ్ళకు ఏడాదంతా తిండి. బొమ్మలు మానేసి పెట్టెలు చేశాక, అవి అమ్ముడుపోకపోతే? పరుగున వెళ్ళి ఆస్థాన విదూషకుడు ఎర్రంభట్టు కాళ్ళు పట్టుకున్నారు. పాపం, పట్టుకోరా మరి!

మర్నాడు సభలో రాజు అడిగాడు.

"ఏమంటావు ఎర్రంభట్టూ? దీనికి గిరాకీ ఉంటుందా?"

"మంత్రిగారు వాడి చూపిస్తే చెబుతాను ప్రభూ. మంత్రిగారూ, ఇవాళ మీకున్న ముఖ్యమైన పని అడుగున రాసుకోండి. తర్వాత మనిద్దరం ఒక ఆట వేద్దాం."

మంత్రి రాసుకున్నాడు: మధ్యాహ్నం గంట ఆగేలోగా పెట్టెల ఉత్తర్వు మీద రాజముద్ర వేయించుకోవాలి. గంట ఆగిందంటే ముద్ర భోషాణంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ దసరా వెళ్ళాకే బయటికి తీస్తారు. తాతలనాటి ఆచారం, రాజైనా దాటడు.

ఆట మొదలైంది. పులులు మంత్రివి. మేకలుగా పెట్టిన చింతపిక్కలు భట్టువి. భట్టు మేకలు వరసగా పోతున్నాయి. మేక పోయినప్పుడల్లా మంత్రి మీసం కాస్త పైకి లేస్తోంది. రాజు కూడా సింహాసనం దిగి వచ్చి మెడ చాచి చూస్తున్నాడు.

గంట మోగడం మొదలైంది.

"మంత్రిగారూ, అడుగున ఏదో పని రాసుకున్నారే! తిప్పి చూసుకోండి."

"తిప్పితే పిక్కలన్నీ కిందపడవూ? ఉండవయ్యా, ఇంకొక్క మేక!"

"ముఖ్యమైన పనేమోనండీ."

"నోరు మూసుకుని నీ మేకను జరుపు!"

భట్టు జరిపాడు. పులి దూకింది. "గెలిచాను!" అని మంత్రి గంతేసేసరికి గంట ఆగిపోయింది. ముద్రాధికారి ముద్రను భోషాణంలో పెట్టి తాళం వేశాడు.

అప్పుడు మంత్రి పెట్టె తిప్పి చదువుకున్నాడు. పిక్కలన్నీ ఆయన కాళ్ళమీదే పడ్డాయి.

సభంతా గొల్లుమంది. రాజు కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇంతకీ గిరాకీ ఉందా, లేదా?"

"బ్రహ్మాండంగా ఉంది ప్రభూ. దసరా వెళ్ళాక ఓ నాలుగు చేయించి, పొరుగు రాజుగారి మంత్రులకు కానుకగా పంపిద్దాం."

రాజు పగలబడి నవ్వి, తన భుజం మీది పట్టుశాలువా తీసి భట్టు చేతిలో పెట్టాడు. భట్టు దాన్ని తిరగేసి, వెనకవైపు ఆటేమీ గీసిలేదని చూసుకుని మరీ కప్పుకున్నాడు.