తుక్కు ముద్ర

చీనా దేశంలో ఒక నది ఒడ్డున రేవు ఉంది. అక్కడ ఓడెక్కే ప్రతి సరుకుకీ సుంకం కచేరీలో పేరు రాసివ్వాలి. మేలు సరుక్కి సుంకం ఎక్కువ, తుక్కుకి తక్కువ. రాసిందొకటి, పెట్టెలో ఉన్నదొకటి అయిందా, సరుకంతా కచేరీ పాలే.

ఒక వర్తకుడు కొండమీది తొలిచిగురు తేయాకు తెచ్చి, తుక్కాకు అని రాసిచ్చాడు. ఆ మహానుభావుడి తెలివి అక్కడే తెల్లారింది. కచేరీ దొర పెట్టెలోకి ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడాకు బయటికి లాగి వాసన చూశాడు.

"ఇది తుక్కు కాదే," అన్నాడు.

"తుక్కే దొరా," అన్నాడు వర్తకుడు, చెమట తుడుచుకుంటూ.

ఇలాంటి తగువొస్తే ఆ రేవులో ఒక ఆనవాయితీ. ఆకు పండించినవాణ్ణి పిలిపించి, పదిమందిలో రుచి చూపిస్తారు. అతనేమంటే అదే ఖాయం. తన పంటని తుక్కని ఏ రైతూ అనడని వాళ్ల నమ్మకం.

ఆ ఆకు కొండమీద ఒక ముసలాయన పెంపకం. చిగురు మూకుళ్లలో వేయించేటప్పుడు ఊరంతా ఆయన నోటివైపే చూసేది. ఒక ఆకు నాలిక మీద వేసుకుని ఆయన "ఇక దించండి" అంటేనే దించేవాళ్లు. ముందు దించితే పచ్చి, ఆలస్యమైతే మాడు. ఆయన మాట ఒక్కనాడూ తప్పలేదు.

వర్తకుడు ఆయన్ని దారిలోనే పట్టుకున్నాడు.

"ఆకు ఓడెక్కితేనే మీ ఊరికి బియ్యం పంపగలను పెద్దాయనా. ఒక్క మాటే కదా. నరం లేని నాలిక, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది."

ముసలాయనకి ఊళ్లో ఖాళీ గాదెలు కళ్లముందు మెదిలాయి. కచేరీలో ఆ ఆకు కాచిన గిన్నె అందుకుని ఒక గుక్క తాగాడు. అంత కమ్మటి ఆకు తన చేతిమీద ఎన్నడూ దిగలేదు.

"తుక్కు," అన్నాడు.

దొర ముద్రలవాణ్ణి పిలిచాడు.

"నీ మాట మీదే వేస్తున్నాను," అని పెట్టెలన్నిటి మీదా తుక్కు ముద్ర వేయించాడు.

సరుకు ఓడెక్కింది. బియ్యమూ వచ్చింది. ఊళ్లో ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు, పైగా చేతులు పట్టుకుని దీవించారు.

మళ్లీ చిగురొచ్చింది. మూకుళ్లు పొయ్యెక్కాయి. ముసలాయన ఒక ఆకు నాలిక మీద వేసుకున్నాడు. ఏమీ తెలియలేదు. ఇంకొకటి వేసుకున్నాడు. గడ్డిపోచ నమిలినట్టుంది.

కమ్మటి వాసన లేచింది. ఆ వెనకే సన్నగా పొగ.

"దించమంటావా తాతా?" అంది పక్కమూకుడు దగ్గరి పిల్ల.

"నీకేమనిపిస్తోందమ్మా?" అన్నాడాయన.

"మాడుతున్నట్టే ఉంది. కానీ నువ్వు చెప్పాలి కదా!"

ఆయన మూడో ఆకు నోట్లో వేసుకున్నాడు. ఊరంతా ఆయన నోటివైపే చూస్తూ కూర్చుంది. ఏ మూకుడూ దిగలేదు.