కిలియన్ విడిగా కాల్చిన ఉండ

ఆ ఉదయం కిలియన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. కొండ మీది గుడిసెలో ఒంటరిగా ఉండి ప్రార్థన చేసుకుంటానని గురువుని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇవాళ ఏ సంగతీ చెబుతానన్నాడాయన.

హంగరీలోని ఆ చిన్న మఠంలో అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ బతకాలి. ఒకరికి దగ్గు, ఒకరికి వాగుడు. పక్క మంచం గాష్పార్ గురకైతే చెప్పనే అక్కర్లేదు. ఈ గోలలో దేవుడి మాట ఎలా వినపడుతుందని కిలియన్ బాధ.

"ముందు వంటింట్లోకి రా నాయనా. ఇవాళ పండగ" అన్నాడు గురువు ఆంబ్రుస్.

వంటిల్లు సందడిగా ఉంది. బంగారు ఉండల కేకు చేస్తున్నారు. పొంగిన పిండిని ఉండలు చుట్టి, కరిగిన వెన్నలో ముంచి, చక్కెర కలిపిన అక్రోటు పొడిలో దొర్లించి, పెద్ద గిన్నెలో పక్కపక్కనే పేర్చి కాల్చాలి. అందరూ ఒకేసారి చేతులు పెట్టారు. గాష్పార్ ఉండలన్నీ వంకరటింకరే.

కిలియన్ మాత్రం గోళీలా నున్నగా ఒకటి చేశాడు.

"గురువుగారూ, దీన్ని వాటిలో వేస్తే నలిగిపోతుంది. విడిగా కాలుస్తాను."

ఆంబ్రుస్ ఒక చిన్న గిన్నె అందించాడు. రెండు గిన్నెలూ కలిసే ఓవెన్‌లోకి వెళ్లాయి, కలిసే బయటికొచ్చాయి.

ఆ వాసనకి మఠమంతా పరుగెత్తుకొచ్చింది! కిలియన్ ఉండ గుండ్రదనం చెక్కు చెదరలేదు.

"చూశారా!" అంటూ గర్వంగా కొరికాడు. పన్ను ఊడినంత పనైంది. అన్నివైపులా మాడి రాయైపోయింది అది.

ఆంబ్రుస్ పెద్ద కేకులోంచి ఒక ఉండ చేత్తో లాగి అతనికిచ్చాడు. పక్కవాటిని ఆనుకున్న చోటల్లా తెల్లగా, మెత్తగా ఉంది. దాన్ని అంటుకుని గాష్పార్ వంకర ఉండ కూడా సగం వచ్చేసింది. కిలియన్ రెండూ కలిపే నోట్లో వేసుకున్నాడు. అవి ఇట్టే కరిగిపోయాయి. అతనికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

"నీకు అనుమతి ఇచ్చాను. కొండ మీదికి ఎప్పుడు బయలుదేరతావు?" అన్నాడు గురువు.

తిండిబల్ల దగ్గర చీమ దూరే సందు లేదు. కిలియన్ వెళ్లి గాష్పార్ భుజం తట్టాడు.

"అన్నా, కాస్త జరుగు."