ఎడమపాయలో తాటిదోనె

గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవి లోపల ఒక పిల్లకాలువ ఉంది. దాని గట్టున నూకాలు అనే బావురుపిల్లి మూడు పిల్లలతో కాపురం ఉండేది. నీళ్లలోకి దూకి చేపని పట్టడంలో నూకాలుకి ఆ చుట్టుపక్కల సాటి లేదు. అలాంటిది, ఆల్చిప్ప గీసుకుని ముందుకాలు చీరుకుపోయింది. ఉప్పునీళ్లు తగిలితే భగ్గున మంట. దూకలేదు, ఈదలేదు. రెండు రోజులుగా పిల్లల కడుపులు మాడుతున్నాయి.

మూడోరోజు పొద్దున్నే, వరదకి ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన తాటిదోనె ఒకటి మడచెట్ల వేళ్లకి తట్టుకుని ఆగింది. చూడగానే నూకాలుకి ప్రాణం లేచొచ్చింది. అందులో కూర్చుంటే కాలు తడవకుండా వేటాడొచ్చు. కాకపోతే అందులో పడున్న వెదురుగెడ పట్టుకుని వెనకనుంచి తోసేవాళ్లు ఒకరు కావాలి.

సరిగ్గా అప్పుడే నక్క గవర్రాజు గట్టు మీద కనిపించాడు. తియ్యగా మాట్లాడి పక్కవాడి నోటిముందు ముద్ద లాక్కోవటం అతని బతుకు. ఆ సంగతి నూకాలుకి తెలుసు. అయినా పిల్లల మొహాలు చూసి, పడ్డ చేపల్లో సగం ఇస్తానని అడిగింది. తోడబుట్టినదానికి ఈమాత్రం సాయం చెయ్యనా అంటూ గవర్రాజు దోనెలోకి గెంతాడు.

గెడ పళ్లతో పట్టి నెట్టాడు. దోనె కదిలింది. నూకాలు ముందు కూర్చుని, బాగున్న కాలితో నీళ్లమీద టకటకా తట్టింది. పురుగు పడిందనుకుని జెల్లచేప ఒకటి పైకొచ్చింది. ఒకే ఒక్క దెబ్బ, జెల్ల దోనెలో పడింది. దాని వెనకే ఇంకొకటి. మూడోది పడేసరికి ఇద్దరికీ ఆకలి గుర్తులేదు, ఆట ఎక్కింది. అంతలో దోనె పక్కన వెండిపళ్లెంలాంటిది ఒకటి తళుక్కుమని తిరిగింది.

"గెడ ఆపు తమ్ముడూ. కదలకు," అంది నూకాలు గొంతు తగ్గించి. "పండుగప్ప. నా అంత ఉంది."

ఊపిరి బిగబట్టి మళ్లీ తట్టింది. నీళ్లు పగిలాయి. నూకాలు గోళ్లు చేప మొప్పల్లో దిగాయి. చేప లాగిన లాగుడికి దోనె గిర్రున తిరిగి ఒకపక్కకి ఒరిగింది, నీళ్లు లోపలికి దూకాయి. గవర్రాజు తన నక్కబుద్ధి మరిచిపోయి రెండోపక్క అంచుమీద పడుకుని బరువు వేశాడు. చీరుకుపోయిన కాలు కూడా నీళ్లలో పెట్టి, మంటకి కళ్లు మూసుకుని, నూకాలు ఒక్క ఊపున లాగింది. పండుగప్ప దోనె నిండా పడి ఎగిరెగిరి కొట్టుకుంది. ఇద్దరూ రొప్పుతూ ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వారు.

నవ్వుతూనే గవర్రాజుకి నోట్లో నీళ్లూరాయి. దోనెని గట్టుకి చేర్చి, అక్క ముందు దిగితే తాను చేపలు అందిస్తానన్నాడు. నూకాలు దిగీ దిగగానే గెడతో ఒక్క నెట్టు నెట్టాడు. దోనె కాలువ మధ్యకి పోయింది.

నూకాలు కుంటుకుంటూ గట్టు వెంట పరిగెత్తింది. ముందర కాలువ రెండు పాయలవుతుంది. నీళ్లు అప్పటికే సముద్రం వైపు తీస్తున్నాయి. అది చూసి నూకాలు ఆగి గట్టిగా కేకేసింది.

"తమ్ముడూ, ఎడమపాయలోకి పోకు. పాటు మొదలైంది, అక్కడ నీళ్లు నిలవవు. కుడిపాయ లోతు."

గవర్రాజు లోలోపల నవ్వుకున్నాడు. చేపలు పోగొట్టుకున్నది తనకి మంచి దారి చెబుతుందా? కుడిపక్కనే ఏదో గొయ్యి తవ్వి ఉంటుంది. దోనెని ఎడమకి తిప్పాడు.

వంద బారలు కూడా పోకుండానే నీళ్లు అడుగంటాయి. దోనె బురదలో కూరుకుని కదలనంది. నెడదామని గవర్రాజు కిందికి దూకాడు. పొట్టదాకా దిగిపోయాడు. ఒక కాలు పీకితే మిగతా మూడూ ఇంకా దిగుతున్నాయి.

కాసేపటికి నూకాలు పిల్లల్ని వెంటేసుకుని, బురద మీదికి వంగిన మడవేళ్ల మీదుగా నడిచొచ్చింది. దోనెలోని జెల్లల్ని పిల్లలు తలా ఒకటి నోట కరుచుకున్నాయి. పండుగప్పని తాను ఈడ్చుకుంది.

"అక్కా," అన్నాడు గవర్రాజు, మూతి బురదకి ఆనకుండా పైకెత్తి, "అయితే నువ్వు చెప్పింది నిజమేనా?"

"నిజమే తమ్ముడూ. నువ్వు నమ్మవని తెలిసే చెప్పాను. పోటు తిరిగి నీళ్లొచ్చి బురద వదిలేసరికి సాయంత్రమవుతుంది. అప్పటిదాకా కాళ్లు ఆడించకు, ఇంకా దిగిపోతావు."

ఆ మాట కూడా నిజమే. గవర్రాజు అదీ నమ్మలేదు. కాళ్లు గబగబా ఆడించి మెడదాకా దిగాడు.

అందరినీ మోసం చేసేవాడికి, ఎదుటివాళ్లు చెప్పే నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.