అరగని ఫిల్లింగ్

శిష్యులు ఏం అడిగినా డాక్టర్ పరాంకుశం గారు వాదనకు దిగేవారు కారు. ఎవరో ఒక రోగిని పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టేవారు.

ఆయన దగ్గర దంతవైద్యం నేర్చుకుంటున్న తబిత ఒకనాడు అడిగింది. "పుచ్చిన దవడ పన్నుకి ప్రింటర్లో తయారైన ఫిల్లింగ్ మంచిదా సార్, మనం చేత్తో నింపేది మంచిదా?"

అడిగిందే గాని, ఆమె మనసులో తీర్పు ఎప్పుడో అయిపోయింది. కంప్యూటర్ కొలత తీసి, యంత్రం పొర మీద పొర పేర్చిన ఆ ముక్కను ఆమె మొదటినుంచీ నమ్మలేదు.

"ఖాదర్ వలీని రమ్మను," అన్నారాయన.

ఖాదర్ వలీ బస్సు కండక్టరు. కిందటేడు అతని కింది దవడలో ఎడమ పన్నుకు ప్రింటర్ ఫిల్లింగ్ అతికించిందీ, కుడి పన్నును చేత్తో నింపిందీ తబితే. ఇప్పుడు లైటు వేసి చూస్తే ఎడమది నిన్న పెట్టినట్టు నిగనిగలాడుతోంది. కుడిది అరిగి అంచు విరగడమే కాదు, పన్ను కూడా నిలువునా చీలింది. పీకక తప్పేలా లేదు. తబితకు మింగుడు పడలేదు.

"ఎడమ పక్కది ఇంకెక్కడైనా మార్పించుకున్నారా?" అంది అతని కళ్ళలోకి చూస్తూ.

"లేదమ్మా."

ఆమె సూదిమొనతో అంచులు తడిమి చూసింది. తను అతికించిందే. అయినా అనుమానం తీరలేదు.

పరాంకుశం గారు క్యాంటీన్ నుంచి చెక్కలు తెప్పించి ఖాదర్ వలీ చేతిలో పెట్టారు. అతను నొప్పికి కళ్ళు చికిలిస్తూనే కుడిపక్క నమిలాడు. ఎడమ బుగ్గ కదలనే లేదు.

"నొప్పి ఉన్న పక్కే నములుతారేం?" అంది తబిత.

అతను కాస్త జంకాడు. "ఆ రోజు ఎడమ పక్కది పెడుతూ మీరు, 'ఎన్నాళ్ళుంటుందో చూద్దాం' అన్నారు కదమ్మా. మీకే నమ్మకం లేనిది, ఊడి గొంతులో పడుతుందేమోనని భయం. ఆ పక్కకి మెతుకు కూడా పోనివ్వలేదు."

తబిత లైటును మళ్ళీ ఆ చీలిన పన్ను మీదికి తిప్పింది. మెల్లగా అంది. "మరి రెంటిలో ఏది మంచిదనుకోవాలి సార్?"

పరాంకుశం గారు చేతులు కడుక్కుంటూ అన్నారు. "అది తర్వాత చూద్దాం. ముందు ఎడమ పక్క నమలమని అతనికి చెప్పు. నీ మాట బాగా వింటాడు."